అవక్షేపం ఎప్పుడు ఏర్పడుతుంది?

లవణ విశ్లేషణలో లెడ్ లవణాన్ని మీరు పరీక్షించే ఉంటారు. సజల హైడ్రోక్లోరికామ్లం కలిపితే మొదటి గ్రూపులో తెల్లని లెడ్ క్లోరైడ్ అవక్షేపం వస్తుంది. అయినా అదే లెడ్ రెండో గ్రూపులో మళ్లీ ఎందుకు కనిపిస్తుంది? దీనికి జవాబు తెలియాలంటే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

పద్దెనిమిదో శతాబ్దంలో రసాయన చర్యలను పట్టికలు చూసి ఊహించేవారు. 1718లో ఫ్రాన్సులో జ్యోఫ్రువా, 1775లో స్వీడన్‌లో బెర్గ్‌మన్ ఇటువంటి పట్టికలు తయారుచేశారు. ఏ పదార్థానికి దేనితో కలిసే మొగ్గు ఎక్కువో వాటిలో వరుసగా ఉండేది. చర్యను నిర్ణయించేది ప్రధానంగా ఆ మొగ్గే అనుకునేవారు.

1798లో నెపోలియన్ దండయాత్ర వెంట ఈజిప్టు వెళ్లిన ఫ్రెంచి శాస్త్రవేత్త బెర్తొలే, అక్కడి నాట్రాన్ సరస్సుల ఒడ్డున సోడియం కార్బొనేట్ పేరుకొని ఉండటం గమనించాడు. అక్కడ ఉప్పు, సున్నపురాయి సమృద్ధిగా ఉన్నాయి. ప్రయోగశాలలో జరిగేది దీనికి వ్యతిరేకం. సోడియం కార్బొనేట్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలను కలిపితే కాల్షియం కార్బొనేట్ అవక్షేపిస్తుంది; ఉప్పు ద్రావణంలో మిగులుతుంది. మరి ఇక్కడ చర్య వెనక్కి ఎలా నడిచింది? పదార్థాల అపార పరిమాణం, ఏర్పడినవి అక్కడినుంచి తొలగిపోవడం కారణాలని ఆయన భావించాడు. ఆ సరస్సుల సోడా తయారీలో సూక్ష్మజీవులకూ పెద్ద పాత్ర ఉందని నేడు తెలిసింది. కానీ ఆయన సూత్రం మాత్రం నిలిచింది. మొగ్గుతోపాటు పరిమాణం కూడా చర్యను నిర్ణయిస్తుంది. కరగని పదార్థం ద్రావణం నుంచి తప్పుకుంటే చర్య ఆ దిశగా సాగుతుంది.

మీరు నేర్చుకొనే ద్రావణీయతా నియమాల ఆధారం ఇదే. రెండు లవణాలలోని అయాన్ల జతలు మార్చి రాయండి. సోడియం, పొటాషియం, అమోనియం లవణాలు, నైట్రేట్‌లు సాధారణంగా కరుగుతాయి. కార్బొనేట్‌లలో చాలావరకు కరగవు. కొత్త జతల్లో ఒకటైనా కరగనిదైతే అవక్షేపం ఊహించవచ్చు. పొటాషియం క్లోరైడ్, సోడియం నైట్రేట్ ద్రావణాలను కలిపితే ఏ జతా అవక్షేపించదు. నాలుగు రకాల అయాన్లూ ద్రావణంలోనే ఉంటాయి.

అయితే 'కరగదు' అంటే బొత్తిగా కరగదని కాదు. 1889లో జర్మన్ శాస్త్రవేత్త నెర్న్‌స్ట్ ద్రావణీయతా లబ్ధం భావనతో దీనికి లెక్క చూపాడు. అయాన్ల గాఢతల లబ్ధం ఆ విలువను మించితేనే అవక్షేపం వస్తుంది. 100 మి.లీ. చల్లని నీటిలో సుమారు 1 గ్రాము లెడ్ క్లోరైడ్ కరుగుతుంది. అందువల్ల కొంత లెడ్ వడపోత ద్రవంలోకి పోయి, రెండో గ్రూపులో హైడ్రోజన్ సల్ఫైడ్‌తో నల్లని లెడ్ సల్ఫైడ్‌గా బయటపడుతుంది. సల్ఫైడ్ ద్రావణీయత క్లోరైడ్ కన్నా ఎంతో తక్కువ.

ఈసారి ప్రయోగశాలలో ఆ తెల్లని అవక్షేపాన్ని నీటితో మరిగించి చూడండి. అది కరిగిపోతుంది, చల్లారాక సూదుల్లాంటి స్ఫటికాలుగా తిరిగి వస్తుంది. నియమం చెప్పే 'కరగదు' అనే మాటకు ఉన్న హద్దు అప్పుడు మీ కళ్లకే కనబడుతుంది.