ఒక వైద్యుడి చదరంగ పాఠాలు

చదరంగంలో ఎత్తులు నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఏ ఎత్తు ఎందుకు వేయాలో తెలియడానికే ఏళ్లు పడుతుంది. ఆ ‘ఎందుకు’ను సామాన్యుడికి అర్థమయ్యే సూత్రాలుగా మలచినవాళ్లలో ముఖ్యుడు జీగ్‌బెర్ట్ టారాష్ (1862–1934). జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో వైద్యవృత్తి సాగిస్తూనే 1889–94 మధ్య బ్రెస్లావ్, మాంచెస్టర్, డ్రెస్డెన్, లైప్‌జిగ్ పోటీల్లో ప్రథమస్థానం సాధించాడు. 1890ల తొలినాళ్లలో ప్రపంచ విజేత స్టైనిట్జ్‌తో తలపడే అవకాశం వచ్చినా, రోగులను విడిచి వెళ్లలేక వదులుకున్నాడు. 1908లో లాస్కర్‌తో ఆ కిరీటం కోసం ఆడే నాటికి వయసు నలభై ఆరు. మూడు ఆటలు గెలిచి, ఎనిమిది ఓడిపోయాడు.

కిరీటం దక్కకపోయినా ‘జర్మనీ గురువు’ అన్న పేరు దక్కింది. తగిన ఆధిక్యం లేకుండా దాడికి దిగరాదనీ, చిన్న చిన్న లాభాలను కూడబెట్టుకోవాలనీ చెప్పినవాడు స్టైనిట్జ్. ఆ సిద్ధాంతాన్ని బడిపాఠంగా మార్చినవాడు టారాష్.

ఆ పాఠాల సారం పావుల చలనస్వేచ్ఛ. ఆట మొదట్లో ఒకే పావును పదేపదే కదిపితే మిగిలినవి పుట్టినచోటే నిద్రపోతాయి. పలక అంచున నిలిచిన గుర్రానికి అందే గడులు నాలుగుకు మించవు. నడిమధ్య నిలిస్తే ఎనిమిది. ఇరుకున పడ్డ సైన్యం ఓటమి బీజాన్ని తనలోనే మోస్తుంటుంది. ఎదురుగా అడ్డుకునే శత్రుబంటు లేని బంటుకు ఏనుగును వెనకనుంచి కాపు పెట్టమన్న సూత్రానికి నేటికీ ఆయన పేరే ఉంది. బంటు ముందుకు సాగేకొద్దీ వెనకనున్న ఏనుగుకు చోటు పెరుగుతుంది. ముందు నిలిచి అడ్డుకునే శత్రువు ఏనుగుకు చోటు తరుగుతుంది. ఇలా ప్రతి సూత్రానికీ కారణం చెప్పగలగడమే ఆయన బోధనలోని బలం. 1931లో వెలువడిన ‘దస్ షాహ్‌ష్పీల్’ గ్రంథంలో ప్రారంభపుటెత్తుల చర్చను చివరికి నెట్టాడు. పావుల శక్తి తెలియనివాడు ప్రారంభాలు వల్లెవేసి ప్రయోజనం లేదన్నది అందులోని తర్కం.

ఈ సూత్రాలను శాసనాలుగా భావించడాన్ని ఎదిరించినవాడు రీగాలో పుట్టిన నిమ్జోవిచ్. మధ్యగడులను బంట్లతో ఆక్రమించనక్కరలేదనీ, దూరం నుంచి పావులతో అదుపు చేసినా చాలుననీ వాదించాడు. ఇద్దరి భేదం ఒక్క బంటు విషయంలో స్పష్టమవుతుంది. ఇరుపక్కలా తోడు బంట్లు లేని ఒంటరి బంటులో నిమ్జోవిచ్ ప్రధానంగా చూసింది బలహీనతను. దాని ఎదుట గుర్రాన్ని నిలిపి కదలకుండా చేయమన్నాడు. టారాష్ మాత్రం ఆ బంటు తెరిచే దారులను చూశాడు. తన పేరనే నిలిచిన రక్షణ పద్ధతిలో ఆ బలహీనతను కోరి స్వీకరించాడు. లక్షణం ఒకటే, నిర్ధారణలు రెండు. రెండింటిలోనూ నిజముంది: పావులు చురుగ్గా ఉన్నంతవరకు ఆ బంటు బలం, అవి మార్పిడై తగ్గిపోతే భారం. చదరంగంలో ఎదగడమంటే ఈ రెండో వాక్యం దాకా చేరడమే. మొదటిది తెలియకుండా అక్కడికి దారి లేదు.

పిడివాది అని పేరుపడ్డ ఆ వైద్యుడు 1914లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నిమ్జోవిచ్‌ను ఎదుర్కొన్నాడు. నల్లపావులతో ఆడుతూ మొదట ఒక శకటును, వెంటనే రెండో శకటును బలి ఇచ్చి తెల్లరాజు కోటను బద్దలుకొట్టాడు. ఆ విజయానికి ద్వితీయ సౌందర్య బహుమతి లభించింది. అంతటి సాహసమూ సూత్రాన్ని మీరి చేసింది కాదు. మిగిలిన పావులన్నీ అప్పటికే సరైన గడుల్లో సిద్ధంగా ఉన్నాయి గనకనే శకటులను వదులుకోగలిగాడు.