వేరుశెనగ అలర్జీ: పసిపిల్లల ఆహారంపై సలహాల చరిత్ర

వేరుశెనగలోని ప్రొటీన్లను శరీరం హానికర పదార్థాలుగా పొరబడి, వాటిపై ఐజీఈ యాంటీబాడీలను తయారుచేసుకోవడమే వేరుశెనగ అలర్జీకి మూలం. తర్వాత ఆ గింజ కొంచెం తిన్నా దద్దుర్లు, వాంతులు, ఆయాసం రావచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో ఎదిగేకొద్దీ తగ్గిపోతాయి. ఇది మాత్రం ఎక్కువమందిని జీవితాంతం వదలదు.

అలర్జీ చరిత్ర ఉన్న కుటుంబాల్లో గర్భిణులు, బాలింతలు వేరుశెనగ మానుకోవచ్చని, అటువంటి ఇళ్లలోని పిల్లలకు మూడేళ్లు నిండేదాకా పెట్టవద్దని 1998లో బ్రిటన్ ఆరోగ్యశాఖ సూచించింది. ముప్పు ఎక్కువున్న పిల్లలకు గుడ్డు రెండేళ్ల దాకా, వేరుశెనగ, చేపలు మూడేళ్ల దాకా వద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పింది. పిల్లల మేలు కోరి చెప్పిన మాటలే ఇవి. కానీ వాటిని నిలబెట్టే గట్టి ప్రయోగం ఒక్కటీ అప్పటికి లేదు. పైగా, మొక్కజొన్న మేతగా తిన్న గినీపందుల్లో మొక్కజొన్న ప్రొటీన్‌కు తీవ్ర అలర్జీ పుట్టించలేకపోయామని పరిశోధకులు వెల్స్, ఆస్‌బోర్న్ 1911లోనే గమనించారు. నోటి ద్వారా అందిన పదార్థాన్ని శరీరం సహిస్తుందన్న ఆ ఆధారాన్ని సలహాలిచ్చినవారు పట్టించుకోవాల్సింది.

2003లో బ్రిటన్ పిల్లలపై జరిగిన ఒక అధ్యయనం మరో దారి చూపింది. ఒంటికి వేరుశెనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో ఈ అలర్జీ ఎక్కువగా కనిపించింది. తామర (ఎగ్జిమా)తో పగిలిన చర్మం గుండా చేరితే అలర్జీ, నోటి గుండా చేరితే సహనం అన్న సిద్ధాంతానికి ఇది బలమిచ్చింది. 2008లో లండన్ వైద్యుడు గిడియన్ లాక్ బృందం బ్రిటన్, ఇజ్రాయెల్ దేశాల్లోని యూదు పిల్లలను పోల్చింది. బ్రిటన్‌లో 1.85 శాతం మందికి, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం మందికే అలర్జీ ఉంది. ఇజ్రాయెల్‌లో బంబా అనే వేరుశెనగ చిరుతిండిని పసివాళ్లకు ఏడాది లోపే పెడతారు. నోట్లో వేసుకోగానే కరిగిపోయే తిండి అది. అమెరికా అకాడమీ తన పాత సలహాను విరమించుకున్నదీ ఆ ఏడాదే.

అయితే పోలిక రుజువు కాదు. దానికోసమే లాక్ బృందం 'లీప్' ప్రయోగం చేపట్టింది. తీవ్రమైన తామర గాని, గుడ్డు అలర్జీ గాని, రెండూ గాని ఉన్న 4-11 నెలల పిల్లలను 640 మందిని తీసుకున్నారు. వేరుశెనగతో చేసిన చర్మపరీక్షలో 4 మిల్లీమీటర్లకు మించి దద్దు లేచినవారిని చేర్చుకోలేదు. సగం మందికి వారానికి కనీసం 6 గ్రాముల వేరుశెనగ ప్రొటీన్‌ను మూడు లేదా అంతకుమించిన పూటలుగా విభజించి పెట్టారు. మిగతావారికి అసలు పెట్టలేదు. అయిదేళ్లు నిండేసరికి మానినవారిలో 17.2 శాతం మందికి అలర్జీ రాగా, తిన్నవారిలో 3.2 శాతం మందికే వచ్చింది. 2015లో వెలువడిన ఈ ఫలితం పాత సలహాను తలకిందులు చేసింది. తర్వాత ఏడాదిపాటు తినడం ఆపించినా ఆ రక్షణ నిలిచింది. కౌమారం దాకా నిలిచినట్లు 2024లో తేలింది.

2017లో అమెరికా మార్గదర్శకాలు మారాయి. తీవ్ర తామర లేదా గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు పరీక్ష చేయించి, 4-6 నెలల మధ్యే వేరుశెనగ మొదలుపెట్టమన్నాయి. అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు సొంతంగా ప్రయత్నించకుండా ముందు వైద్యుణ్ణి కలవాలి. ఏ బిడ్డకైనా మెత్తటి ముద్దగానో, ఆహారంలో కలిపిన పొడిగానో పెట్టాలే తప్ప, గొంతుకు అడ్డుపడే గింజలు ఇవ్వకూడదు.