నెయిల్ పాలిష్‌కీ పేటెంట్ ఉంటుందా? నోటీసు వస్తే అమీర్‌పేట పార్లర్లు ముందు చూడాల్సింది ఇదే!

అమీర్‌పేట మెట్రో దిగి పంజాగుట్ట వైపు వెళ్తుంటే బ్యూటీ పార్లర్ల బోర్డులు, నెయిల్ ఆర్ట్ ఫొటోలు కనిపిస్తూనే ఉంటాయి. లోపల జెల్ పాలిష్‌లు, అతికించే గోళ్లు, యూవీ ల్యాంపులు. చూడటానికి చిన్న సీసాలే కానీ, వీటి వెనుక పెద్ద కంపెనీల మధ్య పేటెంట్ యుద్ధాలే నడుస్తుంటాయి. మరి ఆ గొడవ ఇక్కడి పార్లర్ దాకా వస్తుందా? "మా పేటెంట్ వాడుతున్నారు, డబ్బు కట్టండి" అని నోటీసు వస్తే ఏం చేయాలి?

గొడవంతా ఫార్ములా దగ్గరే

పేటెంట్ ఇచ్చేది రంగుకి కాదు, కొత్త ఫార్ములాకి, కొత్త పద్ధతికి. ఉదాహరణకు అమెరికా కంపెనీ సీఎన్‌డీ. 1979లో దీన్ని మొదలుపెట్టింది ఓ డెంటిస్ట్. ఈ కంపెనీ 2010లో 'షెల్లాక్' జెల్ పాలిష్ తెచ్చింది. ల్యాంప్ కింద గట్టిపడుతుంది, దాదాపు రెండు వారాలు నిలుస్తుంది. తీయాలంటే గీకక్కర్లేదు, అసిటోన్‌లో నానబెడితే చాలు. ఇలా ఊడొచ్చే పూతపై సీఎన్‌డీకి 2012లో అమెరికా పేటెంట్ వచ్చింది. అలాంటి సరుకే అమ్మాలనుకునే పోటీ కంపెనీకి మూడే దారులు: వేరే ఫార్ములా కనిపెట్టడం, లైసెన్స్ కొనడం, లేదంటే ఆ పేటెంటే చెల్లదని నిరూపించడం. కేసులు పుట్టేది ఇక్కడే.

గోళ్ల కంపెనీ.. కనురెప్పల కేసు

కృత్రిమ కనురెప్పల కంపెనీ లాషిఫై 2020లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. తమ పేటెంట్లను కాపీ కొట్టిన దిగుమతులను ఆపాలని కోరింది. ప్రతివాదుల్లో కిస్ నెయిల్ ప్రొడక్ట్స్ కూడా ఉంది. లాషిఫై సరుకు తయారయ్యేది విదేశాల్లో. అందుకే అమెరికాలో అమ్మకాలు, మార్కెటింగ్, గోదాములపై పెట్టిన ఖర్చును లెక్కలోకి తీసుకోలేమని కమిషన్ చెప్పింది. 2025 మార్చి 5న ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ వాదనను తప్పుబట్టింది. దీంతో బయట తయారు చేయించి అమెరికాలో అమ్మే కంపెనీలకు కూడా దిగుమతులపై పోరాడే దారి సులువైంది.

అమెరికా పేటెంట్ ఇక్కడ చెల్లుతుందా?

చెల్లదు. పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే పనిచేస్తుంది. ఇక్కడ హక్కు అడగాలంటే భారత పేటెంట్ ఉండాల్సిందే. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నై పేటెంట్ ఆఫీసు. గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. మధ్యలో రెన్యువల్ ఫీజు కట్టకపోతే పేటెంట్ రద్దయిపోతుంది.

కానీ భారత పేటెంట్ అమల్లో ఉంటే మాత్రం జాగ్రత్త. తయారీదారునే కాదు.. దిగుమతి చేసినవాళ్లు, అమ్మినవాళ్లు, వాడినవాళ్లపైనా కేసు వేయొచ్చు. అయితే పేటెంట్ ఉన్నట్టు తెలియదని, తెలిసే అవకాశమూ లేదని నిరూపిస్తే సెక్షన్ 111 ప్రకారం నష్టపరిహారం పడదు. సీసా మీద నంబర్ లేకుండా 'పేటెంటెడ్' అని రాసి ఉన్నంత మాత్రాన తెలిసినట్టు లెక్క కాదు. వాడకం ఆపమని కోర్టు చెబితే మాత్రం ఆపాల్సిందే.

నోటీసు వస్తే ఇలా చేయాలి

* ముందు భారత పేటెంట్ నంబర్ అడగాలి. నంబర్ ఇవ్వకపోతే అనుమానించాల్సిందే.
* పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఆ నంబర్ ఉచితంగా చూడొచ్చు. అమల్లో ఉందా, లేదా అన్నది ముఖ్యం.
* సరుకు కొన్న బిల్లులు దాచుకోవాలి. హక్కుదారు నుంచి వచ్చిన అసలు సరుకే అని చూపించేవి అవే.
* ఉత్త బెదిరింపు అయితే సెక్షన్ 106 కింద పార్లర్ వాళ్లే తిరిగి కోర్టుకు వెళ్లొచ్చు. పేటెంట్ ఉందని తెలియజేయడం మాత్రం బెదిరింపు కిందకు రాదు.

పోలీసులు వస్తారా?

పేటెంట్ ఉల్లంఘన సివిల్ వ్యవహారం. జిల్లా కోర్టు, అంతకంటే పై కోర్టుల్లోనే దావా వేయాలి. అరెస్టు చేయిస్తామంటే భయపడక్కర్లేదు. నకిలీ బ్రాండ్ సంగతి వేరు. పేరున్న కంపెనీ లేబుల్ అంటించిన డూప్లికేట్ సరుకు అమ్మితే ట్రేడ్‌మార్క్స్ చట్టం కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. అంటే పార్లర్లకు అసలు ముప్పు అమెరికా పేటెంట్ కాదు, బిల్లు లేకుండా చవగ్గా వచ్చే బ్రాండెడ్ సీసా!