ఒంగోలుకు రెండు పెద్దక్షరాలు

ఒకప్పుడు ఇంటర్నెట్‌లో ఒంగోలు పేరు తెలుగులో పడడానికి మధ్యలో రెండు ఇంగ్లీషు పెద్దక్షరాలు కొట్టేవాళ్లు. చిన్న ఓ, పెద్ద ఎమ్, చిన్న జీ, పెద్ద ఓ, ఆపైన చిన్న ఎల్, చిన్న యూ. పెద్ద ఎమ్ కొడితే సున్నా, పెద్ద ఓ కొడితే దీర్ఘం. షిఫ్ట్ మీద వేలు జారిందా, ఊరు కాస్తా ‘ఒంగొలు’ అయి కూర్చునేది.

ఈ ఏర్పాటుకు మూలం ఆర్‌టీఎస్, అంటే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఒక పద్ధతి. 1990ల తొలి ఏళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దాన్ని తయారుచేశారు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఫాంట్ల గొడవ. ఒక్కో పత్రిక సైటుకు ఒక్కో ఫాంటు. అది లేకపోతే తెర నిండా పిచ్చిగీతలే. వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ అనే ప్రోగ్రాం ఆ గీతల్ని యూనికోడ్ తెలుగులోకి మార్చింది.

అసలు సందడి 2006లో మొదలైంది. వీవెన్ ‘లేఖిని’ తెచ్చారు. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కింది పెట్టెలో తెలుగు ప్రత్యక్షం! కంప్యూటర్‌లో టైపింగ్ ప్రోగ్రాం ఏదీ ఎక్కించక్కర్లేదు కాబట్టి, ఒంగోలు నెట్ సెంటర్‌లో గంట లెక్కన కూర్చున్నవాళ్లకూ అది అందుబాటులోకి వచ్చింది. ఆయనదే ‘కూడలి’ కూడా. తెలుగు బ్లాగుల టపాలు అక్కడ కనిపించేవి, కొత్తది ముందు. లైకుల లెక్క లేదు. వంకాయ కూర పక్కన కంద పద్యం, దాని కింద లినక్స్ పాఠం. కొత్తగా బ్లాగు తెరిచినవాళ్లకు సీనియర్లు స్వాగతం చెప్పి, వ్యాఖ్యల దగ్గర వర్డ్ వెరిఫికేషన్ తీసేయమని బతిమాలేవాళ్లు! కంది శంకరయ్యగారి ‘శంకరాభరణం’ బ్లాగులో అయితే రోజూ సమస్యాపూరణమే. వ్యాఖ్యల నిండా పద్యాలే.

తర్వాత ఫేస్‌బుక్ వచ్చింది. ఫోన్లలోకి తెలుగు కీబోర్డులొచ్చాయి. రాసేవాళ్లు పెరిగారు, అది నిజంగా గొప్ప మేలు. కానీ ఎవరి రాత ఎవరికి చేరాలో యంత్రం తేల్చడం మొదలైంది. పది మందికే పట్టే ఛందస్సు చర్చకు అక్కడ చోటు కరువు. నిన్నటి మంచి టపాను ఇవాళ వెతికి పట్టుకోవడమే కష్టం. పేజీ రంగు దగ్గర్నుంచి పేరు దాకా ఎవరికి వారు ముచ్చటపడి దిద్దుకున్న బ్లాగులు ఒక్కొక్కటే మూగబోయాయి. ఇది చిన్న నష్టం కాదు. జనం రాసుకున్న పాత వేదికలూ నిలవలేదు: 2009లో జియోసిటీస్, 2014లో ఆర్కుట్, 2020లో యాహూ గ్రూపులు మూతపడ్డాయి.

1998లో మొదలైన వెబ్ పత్రిక ‘ఈమాట’ మాత్రం ఇప్పటికీ వస్తోంది. దాని పాత సంచికలు ఈరోజు కూడా తెరిచి చదువుకోవచ్చు.