వీథియరుగు – గ్రంథాలయము

తెలుఁగుదేశమున గ్రంథాలయోద్యమము 20వ శతాబ్ది ప్రారంభమునఁ బాశ్చాత్యుల నడవడిఁ జూచి పుట్టినదని తఱచుగా వ్రాయఁబడుచున్నది. చందా, కార్యవర్గము, పట్టిక మున్నగునవి యటనుండి వచ్చినవనుట నిజమే. కాని పేటలోని బాలురును బెద్దలును నొక్కచోఁ గూడి చదువుకొను మర్యాద యంతకంటెఁ బ్రాచీనము. దాని యునికిపట్టు వీథియరుగు.

చెన్నపట్టణపు గవర్నరు మన్రో 1822లో దేశమందలి బడుల స్థితిని విచారింపు మనఁగా, బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో రెవెన్యూ బోర్డునకు వ్రాసిన నివేదిక వీథిబడి స్వరూపమునకు ముఖ్యాధారము. ఆ జిల్లాలో నప్పుడు 533 బడులు గలవు. అందుఁ దెలుఁగువి 226, కన్నడమువి 235, సంస్కృతమువి 23. తక్కినవి పారసీ, మరాఠీ మొదలగునవి. చదువువారు 6,641 మంది. వీరిలో బాలికలు 60 మందియే. ప్రొద్దున మొదట వచ్చిన బాలుని యఱచేత 'సరస్వతి' యని వ్రాయుదురు. రెండవవానికి సున్న. మెప్పును లేదు, తప్పును లేదని దాని భావము. మూఁడవవానికి మెల్లగా నొకదెబ్బ, నాలవవానికి రెండు, అటుపై నదే వరుస. ఇసుకమీఁద వ్రేలితో నక్షరములు దిద్దింతురు. ఎక్కువ చదివిన బాలురు తక్కువ చదివినవారికి నేర్పుదురు. ఈ కడపటి పద్ధతిని క్యాంబెల్ మెచ్చి, ఇంగ్లండువా రిది యనుకరించుట తగినదే యని వ్రాసెను. మనవారు మాత్ర మాంగ్లేయులవలన మరల నేర్చుకొన్నట్లు తలంచుట వింత.

ఆయన యాక్షేపణయు నొకటి కలదు. పిల్లలు వల్లించు పద్యముల భాష వాడుకభాషకు దూరమగుటచే వా రర్థమెఱుఁగక చిలుకలవలెఁ బలుకుదురని. పగటిబడి కిది చెల్లును. ఊరి చదువు పగటితో ముగియదు గదా! రాత్రి రచ్చపట్టునను దేవాలయమండపమునను జరుగు పురాణమునఁ బద్య మొకఁడు చదువఁగా నర్థము వేఱొకఁడు చెప్పును. అక్షరము రాని కాఁపులును, స్త్రీలును, పిల్లలును విందురు. ఉదయమున వల్లించిన గజేంద్రమోక్షమున కర్థము రాత్రి తెలియును. దొరతనమువారి పట్టికలలో నీ రాత్రిచదువున కొక గడియైనను లేదు. 'కాలక్షేప' శబ్దమునకు సంస్కృతమునఁ బ్రొద్దుపుచ్చుట యనియే యర్థము. తెలుఁగున నది పురాణశ్రవణమునందు రూఢమైనది. ఈ రూఢి యొక్కటియే క్యాంబెల్ నివేదికకుఁ జాలినంత యుత్తరము.

అయిన నీ యరుగు నందఱకు నందినదిగాఁ బొగడుట తగదు. అంటరానివారని వెలిఁబెట్టఁబడినవారికి దానిపైఁ జోటు లేదు. పూర్వపుఁ జదువును గొనియాడువా రనేకు లీ మాటను దాఁటవేయుదురు. అది చరిత్ర గాదు.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును వెలసెను. 1914 ఏప్రిల్ 10వ తేదీని బెజవాడ రామమోహన గ్రంథాలయమునఁ జిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను జరిగిన సభలో నాంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడెను. దీనికిఁ బ్రాణము పోసినవారు అయ్యంకి వేంకటరమణయ్యగారు. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము పుట్టెను. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముఁడు శంకుస్థాపన చేసెను.

ఈ నిలయములలో నరుగుమీఁది మర్యాద నిలిచినది గాని తల్లక్రిందయ్యెను. పురాణమునఁ బెద్దవాఁ డర్థము చెప్పును, చిన్నవాఁడు వినును. పత్రిక వచ్చినపిమ్మట బడికిఁ బోయిన కుఱ్ఱవాఁడు బిగ్గరగాఁ జదువఁగాఁ దాతలు చుట్టును గూర్చుండి వినసాగిరి. నీటితీరువ, ధరలు, యుద్ధవార్తలు అన్నియు వానినోటనే. రాత్రిపాఠశాలలలో నఱువదేండ్లవాఁడు మనుమనియీడు వానియొద్ద నోనమాలు దిద్దెను. 'సమీపించి యెవనివలనఁ జదువుదురో వాఁ డుపాధ్యాయుఁడు' అను వ్యుత్పత్తిలో వయస్సునకుఁ బ్రసక్తి లేదు. కావున శాస్త్రమున కిది విరుద్ధము గాదు. వీథిలోని పెద్దఱికమునకు మాత్రము గొంత కష్టము. ఆ కష్టమును మన ముసలివారు నవ్వుచు సహించిరనుట వారికిఁ గీర్తి.

గ్రంథాలయముల పద్దులలోఁ బుస్తకము గొనిపోయినవాని పేరే యుండును, విన్నవారి పేరుండదు. అందుచేత నీ యుద్యమఫలమును బుస్తకముల సంఖ్యచేఁ గొలుచువారు దానిలో సగమునే కొలుచుచున్నారు.

1935లోఁ బాతూరి నాగభూషణముగారు గుంటూరుమండలమునఁ గృష్ణకాలువమీఁదఁ బడవగ్రంథాలయమును నడపించిరి. కాలువపడవ మెల్లగా సాగును. ఎక్కినవారికి దిగువఱకు వేఱుపని లేదు. ఒకనిచేతి పుస్తకము పదిమందికి వినఁబడుటకు నరుగువలెనే పడవయు ననువైనది.