గోడ అడ్డమొస్తే? - లైఫై ముత్తాత కథ

ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడికీ ఫైనలియర్లో టెక్నికల్ సెమినార్ అనే తంతు ఒకటుంటుంది. టాపిక్ మనది, పీపీటీ సీనియర్లది. నాకు తగులుకున్న టాపిక్ లైఫై, అంటే ఎల్ఈడీ లైటు వెలుగులోంచి ఇంటర్నెట్. "2011లో హెరాల్డ్ హాస్ కనిపెట్టాడు, వైఫై కంటే వంద రెట్లు ఫాస్టు" అని మొదటి స్లైడు చదివానో లేదో, వెనక బెంచీలో కూర్చున్న సారు రెండే రెండు ప్రశ్నలడిగారు. "మరి 1880లో గ్రాహంబెల్ చేసిందేంటయ్యా? గోడ అడ్డమొస్తే నీ ఇంటర్నెట్ ఏమవుద్ది?"

రెండింటికీ నా దగ్గర స్లైడు లేదు. మార్కులైతే వేశారు గానీ ఆ బాకీ అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళకి తీరుస్తున్నా.

ముందు బెల్ సంగతి. టెలిఫోను పేటెంటు వచ్చిన నాలుగేళ్ళకి, 1880లో, వాషింగ్టన్‌లో బెల్, ఆయన అసిస్టెంటు చార్లెస్ సమ్నర్ టెయింటర్ కలిసి ఫోటోఫోన్ తయారుచేశారు. తీగ లేదు. పల్చటి అద్దం వెనక నించుని మాట్లాడితే అద్దం వణుకుతుంది. దాని మీంచి అవతలికి వెళ్ళే ఎండ కూడా మాటకి తగ్గట్టు ఎక్కువా తక్కువా అవుతుంది. అక్కడ దొప్పలాంటి అద్దం ఆ వెలుతురుని సెలీనియం మీదకి పోగేస్తుంది. వెలుగు పడితే సెలీనియం కరెంటుని తేలిగ్గా పోనిస్తుంది. దానికో బ్యాటరీ, ఓ టెలిఫోను రిసీవరు తగిలిస్తే మాట వినబడుతుంది, అంతే.

ఫ్రాంక్లిన్ స్కూలు మేడ మీంచి టెయింటర్ మాట్లాడితే 213 మీటర్ల అవతల ల్యాబులో బెల్ విన్నాడు. వినబడితే కిటికీ దగ్గరకొచ్చి టోపీ ఊపమన్నాడట టెయింటర్. బెల్ ఊపాడు. మన భాషలో చెప్పాలంటే ఆ టోపీయే 'యాక్' ప్యాకెట్టు. అంటే డౌన్‌లింకు వెలుగు, అప్‌లింకు టోపీ. ఈ పాయింటు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. బెల్ దీన్ని టెలిఫోను కంటే గొప్పదనుకున్నాడు. అప్పుడే పుట్టిన రెండో కూతురికి ఫోటోఫోన్ అని పేరు పెడతానన్నాడు కూడా. వాళ్ళావిడ వద్దంది కాబట్టి ఆ పిల్ల బతికిపోయింది.

మరి ఎందుకు ఓడిపోయింది? మబ్బు పడితే కట్, ఏదైనా అడ్డమొస్తే కట్. ఈలోగా 1888కల్లా హెర్ట్జ్ రేడియో తరంగాలున్నాయని చూపించాడు, 1901లో మార్కోనీ సిగ్నలు అట్లాంటిక్ దాటింది. గోడలు దాటి, సముద్రాలు దాటి వెళ్ళేది ఉండగా ఎండని నమ్ముకునేదెవరు? 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ గాజు ఫైబర్ దారి చూపించాకే వెలుగుకి మళ్ళీ రోజులొచ్చాయి. మబ్బూ గోడా లేని సొంత రోడ్డు వేసిచ్చారన్నమాట.

బయట గాల్లో మాత్రం వెలుగుకి ఇంకో చిక్కుంది. పాత బల్బులో వెలుగంటే ఫిలమెంటు వేడి. వేడి టకటకా ఎక్కి దిగదు. ఎల్ఈడీ అలా కాదు, కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంది. 1990లలో ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ, దాన్నించి తెల్ల ఎల్ఈడీ వచ్చాక, 2000ల మొదట్లోనే జపాన్ కేయో యూనివర్సిటీలో మసావో నకగావా బృందం ఇంటి లైట్లతో డేటా పంపడం మీద పేపర్లు రాసింది. హాస్ 2011లో టెడ్ వేదిక మీద టేబుల్ లైటు వెలుగులో వీడియో ఆడించి, లైఫై అని పేరు పెట్టాడు. తక్కువ పనేం కాదు. కానీ పురుడు ఆయనది కాదు, నామకరణమే ఆయనది.

ఇక నా స్లైడులో లేని సంగతులు. తెల్ల ఎల్ఈడీ అంటే నీలం చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత. చిప్పు ఎంత పరిగెత్తినా ఫాస్ఫర్ నెమ్మది. రెండోది, సీలింగ్ లైటు ఫోనుకి డేటా పంపుతుంది సరే, ఫోను తిరిగి ఎలా పంపాలి? మొహం మీద ఫ్లాష్ కొట్టుకుంటూ కూర్చోలేం కదా. బెల్ టోపీ సమస్య! అందుకే 2023లో వచ్చిన ఐ ట్రిపుల్ ఈ 802.11బీబీ స్టాండర్డు 800 నుంచి 1000 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ వాడుకుంటుంది. నేను గొప్పగా చూపించిన తెల్ల బల్బు అందులో లేనే లేదు.

రెండో ప్రశ్న, గోడ. ఇంట్లో అది లోపమే. వైఫై పక్కగదిలోకి వస్తుంది, ఇది రాదు. కానీ సిగ్నలు గది దాటకూడని చోట అదే సుగుణం. 2021లో యూరప్‌లోని అమెరికా సైన్యం లైఫై పరికరాలు కొన్నది ఇందుకే.

గోడలే లేని చోట మేడ మీంచి మేడ మీదకి వెలుగు పంపే బెల్ పద్ధతి కూడా చచ్చిపోలేదు. 2017 డిసెంబర్‌లో గూగుల్ సోదర సంస్థ ఎక్స్ మన ఏపీ స్టేట్ ఫైబర్‌నెట్‌తో 2000 కాంతి లింకుల ఒప్పందం ప్రకటించింది. అది ఎల్ఈడీ కాదు, సన్నటి కాంతి పుంజం. ఫైబర్ తవ్వడం కష్టమైన చోట్ల వాడాలని.

కాబట్టి సార్, ఆలస్యంగా నా జవాబు: గోడ అడ్డమొస్తే ఆగిపోద్ది. ఆగిపోవడమే కావాల్సినవాళ్ళు అదే కొంటారు, మిగతావాళ్ళకి వైఫై చాలు. మొదటి స్లైడులో ఈ ఒక్క ముక్క రాసుంటే తర్వాతి ఇరవై స్లైడులూ అక్కర్లేకపోయేవి.

ఇంతకీ మీ సెమినార్ టాపిక్ ఏంటి? నిజం చెప్పండి, పీపీటీ ఎవరిది?