గాయమునకు పరిహారము: లంబసింగి రోడ్డు నుండి నేటి వరకు

నర్సీపట్నము నుండి లంబసింగికి నేడు బస్సులలో పోవువారిలో పలువురు చలికాలపు మంచును, కాఫీ తోటలను చూడగోరి పోవుచుందురు. ఆ ఘాటు ఎక్కునప్పుడు దానిని తొలిచిన చేతులను తలచుకొనువారు అరుదు. ఆ దారికి మన చరిత్రలో ఒక స్థానము కలదు. 1922లో రగిలిన మన్యపు తిరుగుబాటుకు దోహదమిచ్చిన కారణములలో ఆ రోడ్డు పని ఒకటి. ఆ జ్ఞాపకమును ఆధారము చేసికొని, పనిలో దెబ్బతిన్న మనిషికి ఎవరు బాధ్యులను ప్రశ్నను నేడు శ్రోతల ముందుంచదలచినాము.

గూడెమునకు డిప్యూటీ తహసీలుదారుగా నుండిన బాస్టియన్ కాలమున ఈ రోడ్డు పని సాగినది. పని చేసినవారు కొండజనులు. కాంట్రాక్టరుతో చేయి కలిపిన ఆ అధికారి వారికి న్యాయమైన కూలి ముట్టనీయలేదనియు, ఎదురు పలికినవారిని కొరడాతో కొట్టించెననియు ఆ కాలపు చరిత్ర చెప్పుచున్నది. అడవిపై ఆంక్షలు, పోడు వ్యవసాయమునకు కలిగిన అడ్డంకులు మున్నగు బాధలకు ఈ బాధయు తోడయినది. గాము గంటందొర, గాము మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజు పక్షమున నిలిచిరి. 1922 ఆగష్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా, మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు ముట్టడింపబడినవి.

ఈ కథ మనకందరకు తెలిసినదే. కాని అందులో ఒక చిన్న ప్రశ్న అడుగున పడిపోయినది. ఆ చరియపై బండ దొర్లి ఒక కూలి కాలు విరిగినచో అతని గతి యేమి? ఆ నాటికి పరిహారము కోరువాడు సివిలు కోర్టుకెక్కి యజమాని తప్పును తానే నిరూపింపవలసియుండెను. మరణించినవాని కుటుంబము దావా వేయుటకు 1855 నాటి చట్టమొకటి వీలు కల్పించినది గాని, అక్కడను అన్యుని తప్పు రుజువు కావలసినదే. రోజుకూలికి ప్లీడరు ఫీజు ఎక్కడనుండి వచ్చును? కూలి యడిగినందుకే కొరడా దెబ్బ తగిలిన చోట కాలికి వెల యడుగువాడెవడు?

ఈ దుస్థితి మన్యమునకే పరిమితమైనది కాదు. తోటి పనివాని పొరపాటు వలన దెబ్బ తగిలినచో యజమానికి బాధ్యత లేదని ఇంగ్లండులోని న్యాయస్థానము 1837లో తేల్చినది. ఆ సూత్రము చిరకాలము శ్రామికులకు అడ్డుగోడయై నిలిచినది. 1884లో జర్మనీ ప్రమాద భీమా శాసనము తెచ్చినది. 1897లో బ్రిటన్ పరిహార చట్టము చేసినది. ఆ శాసనముల వెనుక నున్న ఆలోచన సులభగ్రాహ్యము. యంత్రము అరిగినచో మరమ్మతు ఖర్చు యజమాని లెక్కలో పడును. మనిషి అంగము పోయినప్పుడు మాత్రము ఆ నష్టమంతయు అతని ఇంటిల్లిపాది నెత్తిన పడుట న్యాయము కాదు.

మన దేశమున శ్రామిక పరిహార చట్టము 1923లో వెలువడి, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు రెండు నెలలైన నిండకముందే, 1924 మే 7న, కొయ్యూరు వద్ద సీతారామరాజు కాల్చి చంపబడెను. ఈ రెండు ఘటనలకును కార్యకారణ సంబంధము కలదని మేము చెప్పబోము. అయినను రెంటిని ఒకచోట నుంచి చూచినచో ఆ యేడు మనకు మరియొక రీతిగా కనబడును.

ఆ చట్టమున రెండు గొప్ప మలుపులు కలవు. మొదటిది: పనిలో నుండగా, ఆ పని కారణముననే ప్రమాదము జరిగినదని చూపిన చాలును, యజమాని తప్పును నిరూపింపనక్కరలేదు. పనివాని అజాగ్రత్త మాత్రమే పరిహారమును చెరుపజాలదు. మద్యము మత్తు, బుద్ధిపూర్వకముగా రక్షణ నియమమును ధిక్కరించుట వంటి మినహాయింపులు కొన్ని కలవు. మరణము సంభవించినచో అవియు అడ్డు రాకుండ తరువాత సవరించిరి. రెండవది: పని కాంట్రాక్టరు ద్వారా చేయించినను, ఆ పని తన వ్యాపారములో భాగమైనచో అసలు యజమాని పరిహారము చెల్లింపవలెను, పిదప కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనవచ్చును. లంబసింగి రోడ్డు కథలో కాంట్రాక్టరు పాత్రను ఎరిగినవారికి ఈ నిబంధన విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే తొలినాటి చట్టపు గొడుగు చిన్నది. జాబితాలో పేర్కొన్న అపాయకరములగు వృత్తులకే అది వర్తించినది. క్రమముగా ఆ జాబితా పెరిగి రోడ్లు, వంతెనలు, కాలువల పనులును అందు చేరినవి. న్యాయస్థానములును దాని భావమును విస్తరింపజేసినవి. ఒడిశాలో ఒక సినిమా హాలునందు అలంకరణ పని చేయుచు 1968లో పడిపోయిన వడ్రంగికి ఎడమ చేయి మోచేతి పైభాగమున తీసివేయవలసివచ్చినది. ఒక చేయి మిగిలినది గదా, ఇది పాక్షిక నష్టమే యని యజమాని వాదించెను. ఒంటి చేతితో వడ్రంగము సాగదు గనుక అది సంపూర్ణ అశక్తతయే యనియు, ప్రమాదము జరిగిన నాటినుండియే పరిహారము బాకీపడుననియు సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

లెక్క ఎట్లు కట్టుదురో ఒక ఉదాహరణము చెప్పుదుము. 30 ఏండ్ల పనివానికి నెలకు 10,000 రూపాయల వేతనమనుకొందము. సంపూర్ణ శాశ్వత అశక్తతకు వేతనములో 60 శాతమును, ఆ వయస్సునకు పట్టికలో గల 207.98 అను గుణకముతో హెచ్చించవలెను. అది 12,47,880 రూపాయలు. బొటనవ్రేలు తెగినచో పట్టిక ప్రకారము నష్టము 30 శాతము. పరిహారము 3,74,364 రూపాయలు. చేతిలో వేయి రూపాయలు పెట్టి "ఇంటికి పొమ్ము" అను మేస్త్రీ మాటకును ఈ అంకెకును గల దూరమును శ్రోతలే కొలుచుకొందురుగాక.

2009 సవరణతో చట్టము పేరులోని "శ్రామికుడు" పోయి "ఉద్యోగి" వచ్చెను. వైద్యపు ఖర్చును యజమానియే భరించుట విధియైనది. 2025 నవంబరు 21 నుండి ఈ విషయము సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనది. ఇంటినుండి పనికి వచ్చి పోవు దారిలో జరిగిన ప్రమాదమునకును, పనితో దానికి సంబంధము కలదని చూపినచో, అందు చోటు దొరికినది.

చట్టమింత పెరిగినను ప్రమాదములు ఆగలేదు. 2025 ఏప్రిల్ 13న నర్సీపట్నమునకు చేరువనున్న కోటవురట్ల మండలములో బాణసంచా తయారీ కేంద్రమున పేలుడు సంభవించి ఎనిమిదిమంది మరణించిరి. ఇట్టి ఘోరములు జరిగినప్పుడు ప్రభుత్వములు సహాయము ప్రకటించుట పరిపాటి. అది కావలసినదే. కాని పదిమంది కన్ను పడిన ప్రమాదమునకే ఆ సహాయము అందును. ఎవరును చూడని చోట ఒంటరిగా వ్రేలు పోగొట్టుకొన్నవానికి దిక్కు చట్టమొక్కటే.

ఆ దిక్కు చేరుటకు అడ్డము నిలుచునది తరచుగా ఒక కాగితము. మస్టరులో పేరు ఉండదు. కూలి చేతికి చేతిగా ముట్టును. ప్రమాదము తరువాత "వీడెవడో మాకు తెలియదు" అను మాట వినబడును. అందుచేత దెబ్బ తగిలిన వెంటనే యజమానికి తెలుపవలెను. ఆసుపత్రి చీటీలో దెబ్బ పనిలో తగిలినదని వ్రాయించుకొనవలెను. తోడి కూలీల సాక్ష్యము నిలుపుకొనవలెను. రెండేండ్లలోగా పరిహార విషయమున సమర్థాధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. హక్కును వదులుకొంటినని ఏ కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొన్నను అది చెల్లదు. మరణించినవాని పరిహారమును యజమాని నేరుగా పంచి చేతులు దులుపుకొన వీలులేదు. దానిని ఆ సమర్థాధికారి వద్దనే జమ కట్టవలెను.

నూరేండ్ల క్రిందట ఆ ఘాటుపై రాళ్లు మోసినవారి పేర్లు ఏ మస్టరులోను మనకు కానరావు. నేడు మన ఊళ్లలో ఇటుక మోయువారి పేర్లు, మందుగుండు దట్టించువారి పేర్లు ఏదో యొక పుస్తకములో వ్రాయబడునట్లు చూచుట మనచేతిలోని పని. సాయంకాలము కూలి తీసికొనునప్పుడు తన పేరెక్కడ వ్రాసినారని అడుగుటకు వెరువవలదని ఈ ప్రసంగము వినుచున్న ప్రతి పనివానికిని మా మనవి.